వంటింటి గ్యాస్ లైను: అమరిక, మరమ్మతు, భద్రత

కట్టెల పొయ్యి, కిరోసిన్ స్టవ్వు, గ్యాస్ సిలిండర్, గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువు - ఈ నాలుగింటినీ ఒకే వంటింట్లో చూసిన గృహిణులు రాష్ట్రంలో ఎందరో ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో ప్రారంభమైన దీపం పథకం స్వయం సహాయక సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు అందించింది. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభమైన ప్రధానమంత్రి ఉజ్జ్వల యోజన దేశవ్యాప్తంగా పేద కుటుంబాలకు ఈ సౌకర్యాన్ని విస్తరింపజేసింది. మరోవైపు 2003లో గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం సంస్థల ఉమ్మడి భాగస్వామ్యంలో ఏర్పాటైన భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ హైదరాబాద్, విజయవాడ, కాకినాడ నగరాలలో సహజవాయువు పంపిణీకి శ్రీకారం చుట్టింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో భూగర్భం నుంచి, సముద్రగర్భం నుంచి వెలికితీసే వాయువు ఈ విధంగా వంటింటి గోడ వరకు చేరుతున్నది.

ఇంధనం మారినంత త్వరగా అలవాట్లు మారవు. సిలిండర్ విషయంలో సరైన జాగ్రత్త పైపు గ్యాస్ విషయంలో చాలకపోవచ్చు. ఈ తేడా తెలియకుండా వంటింట్లో గోడకు డ్రిల్లు పెట్టడం, పైపు జరిపించడం, పాత స్టవ్వును కొత్త లైనుకు కలపడం వంటి పనులు ప్రాణాల మీదకు తెస్తున్నాయి.

రెండు గ్యాసులు, రెండు స్వభావాలు

సిలిండర్‌లో ఉండేది ద్రవీకృత పెట్రోలియం వాయువు, అనగా ఎల్పీజీ. ఇది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. లీకైనప్పుడు నీటి వలె నేల మీద పరచుకుని, గుమ్మాల కిందుగా పక్క గదులలోకి, డ్రైనేజీ గొట్టాలలోకి, మెట్ల కింది ఖాళీలలోకి చేరుతుంది. గాలిలో సుమారు 2 శాతం నుంచి 9.5 శాతం వరకు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే మండుతుంది.

పైపుల ద్వారా వచ్చేది సహజవాయువు. ఇందులో అధిక భాగం మీథేన్. దీని బరువు గాలి బరువులో సగానికి కొంచెం ఎక్కువ. కాబట్టి లీకైన వాయువు పైకి పోతుంది. కప్పు కింద, అటక మీద, చిమ్నీ చుట్టూ కట్టిన చెక్క పెట్టెలలో నిలుస్తుంది. గాలిలో 5 నుంచి 15 శాతం వరకు కలిసినప్పుడు మండే గుణం కలిగి ఉంటుంది.

ఈ రెండు వాయువులకూ సహజంగా వాసన లేదు. లీకేజీని పసిగట్టేందుకు మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని స్వల్ప పరిమాణంలో కలుపుతారు. కుళ్లిన కోడిగుడ్డును తలపించే ఆ వాసన గ్యాస్‌ది కాదు, దానికి తగిలించిన గుర్తు. జలుబు చేసినవారికి, వృద్ధులకు, చాలాసేపు అదే గదిలో ఉండి ముక్కు అలవాటు పడినవారికి అది తెలియకపోవచ్చు. పొరుగింటివారు వచ్చి వాసన వస్తున్నదని చెప్పినప్పుడు, తమకు రావడం లేదని తీసిపారేయకుండా వెంటనే పరిశీలించవలసి ఉంటుంది.

ఎంత గ్యాస్ లీకైతే ప్రమాదమన్నది ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల వంటగదిలో 27 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అందులో 2 శాతమంటే సుమారు 540 లీటర్లు. ద్రవరూపంలోని ఎల్పీజీ వాయువుగా మారినప్పుడు దాదాపు 250 రెట్లు వ్యాకోచిస్తుంది గనుక, రెండు లీటర్లకు కొంచెం మించిన ద్రవం, తూకంలో సుమారు 1.2 కిలోలు, ఇందుకు సరిపోతుంది. నిండు సిలిండర్‌లో ఉండే 14.2 కిలోలలో ఇది పదోవంతు కూడా కాదు. పైగా ఎల్పీజీ గదంతా సమంగా కలవదు, నేల మట్టాన పేరుకుంటుంది. అంటే అంతకంటే తక్కువ లీకేజీ కూడా చాలు. గ్యాస్ అయిపోవచ్చిందిలే అనే ధీమాకు ఆధారం లేదు.

గాలి ఆడే మార్గాల విషయంలోనూ తేడా ఇక్కడే వస్తుంది. సిలిండర్ ఉన్న గదిలో నేల మట్టానికి దగ్గరగా గాలి బయటకు పోయే దారి ఉండాలి. పైపు గ్యాస్ ఉన్న గదిలో కప్పుకు దగ్గరగా వెంటిలేటర్ తెరచి ఉండాలి. నగరాలలో ఏసీ పెట్టించుకునేందుకు, దోమల బెడద తప్పించుకునేందుకు పాత ఇళ్ల వెంటిలేటర్లను అట్టముక్కలతో మూసివేయడం పరిపాటి అయింది. పైపు గ్యాస్ కనెక్షన్ తీసుకున్న ఇంట్లో మొట్టమొదట తీసివేయవలసింది ఆ అట్టముక్కనే.

గోడ దాకా వచ్చే దారి

దూరప్రాంతాల నుంచి వచ్చే ప్రధాన పైప్‌లైనులో వాయువు అత్యధిక పీడనంతో ప్రవహిస్తుంది. నగర శివారులోని సిటీ గేట్ స్టేషన్‌లో పీడనాన్ని తగ్గించి, వాసన పదార్థాన్ని కలిపి ఉక్కు గొట్టాలలోకి పంపుతారు. అక్కడి నుంచి వీధులలోకి పాలిథిలిన్ గొట్టాలు వెళతాయి. వీటిలో పీడనం సాధారణంగా 4 బార్ వరకు ఉంటుంది. భవనం వద్ద, మీటరు వద్ద అమర్చే రెగ్యులేటర్లు దానిని మరింత తగ్గించగా, స్టవ్వుకు చేరే సమయానికి పీడనం సుమారు 21 మిల్లీబార్ మాత్రమే మిగులుతుంది. నిలువు గాజు గొట్టంలో నీటిని సుమారు ఒక జానెడు పైకి నెట్టగల ఒత్తిడి ఇది. సిలిండర్‌లో అయితే చదరపు సెంటీమీటరుకు కొన్ని కిలోల ఒత్తిడి ఉంటుంది. దానిని 30 గ్రాములకు తగ్గించే భారమంతా ఒక్క చిన్న రెగ్యులేటర్‌పైనే ఉంటుంది.

పైపు గ్యాస్‌లో ఇంటి లోపలి ఒత్తిడి తక్కువ కావడం ఒక సౌలభ్యమే. అయితే సిలిండర్ ఖాళీ అయితే లీకేజీ ఆగిపోతుంది. పైపులో సరఫరా ఆగదు. వాల్వు మూసేవరకు వాయువు వస్తూనే ఉంటుంది. ఊరు వెళ్లేటప్పుడు సిలిండర్ రెగ్యులేటర్ కట్టే అలవాటు ఉన్నవారు కూడా పైపు గ్యాస్ వాల్వు సంగతి మరచిపోవడం తరచు జరుగుతున్నది.

అమరికలో చూసుకోవలసినవి

పంపిణీ సంస్థ సిబ్బంది ముందుగా ఇంటిని పరిశీలించి, పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో నిర్ణయిస్తారు. అపార్టుమెంట్లలో సంక్షేమ సంఘం అనుమతి అవసరమవుతుంది. భవనం వెలుపలి గోడ వెంబడి నిలువుగా వెళ్లే జీఐ పైపు నుంచి ఒక్కొక్క ఇంటికీ ఒక్కొక్క శాఖ తీస్తారు. ఇంటి దగ్గర ప్రధాన వాల్వు, మీటరు, వంటగదిలో స్టవ్వు పక్కన మరొక వాల్వు అమరుస్తారు. ఆఖరి అంచెలో మాత్రమే రబ్బరు గొట్టం ఉంటుంది.

పైపు గోడ మీద కంటికి కనిపించేలా ఉండటం చాలామందికి నచ్చదు. కొత్తగా మాడ్యులర్ కిచెన్ చేయించుకునేవారు అందం కోసం పైపును చెక్క పలకల వెనుక దాచమని వడ్రంగిని కోరుతుంటారు. కనిపించే పైపుకు తుప్పు పట్టినా, బిగింపు వదులైనా తెలుస్తుంది. దాచిన పైపుకు తెలియదు. లీకైన వాయువు ఆ పెట్టెలోనే నిలిచి, గదిలోకి వాసన వచ్చేసరికి ఆలస్యమవుతుంది. వాల్వు, మీటరు ఉన్నచోట తలుపు బిగించక తప్పని పరిస్థితి వస్తే, ఆ తలుపుకు పైనా కిందా గాలి ఆడే రంధ్రాలు ఉండాలి, తాళం మాత్రం ఉండరాదు. విద్యుత్ తీగలు, స్విచ్ బోర్డులు గ్యాస్ పైపుకు ఆనుకుని ఉండరాదు. బట్టలు ఆరవేసే తాడును బాల్కనీలోని గ్యాస్ పైపుకు కట్టడం, పైపును ఎర్తింగ్‌కు వాడటం నిషిద్ధం.

సరఫరా మొదలుపెట్టే ముందు సిబ్బంది లైనులో గాలి ఒత్తిడి నింపి, నిర్ణీత సమయం పాటు ఆ ఒత్తిడి తగ్గకుండా నిలుస్తున్నదో లేదో పరీక్షిస్తారు. ఈ పరీక్ష జరుగుతున్నప్పుడు ఇంటి యజమాని దగ్గర ఉండి చూడటం, అప్పగింత పత్రంపై పరీక్ష తేదీ, ఫలితం నమోదయ్యాయో లేదో గమనించడం మంచిది. చూడకుండా సంతకం చేసిన పత్రం తరువాత వివాదంలో యజమానికే అడ్డుపడుతుంది.

స్టవ్వు జెట్ల మార్పిడి ప్రత్యేకించి చెప్పుకోవలసిన అంశం. సహజవాయువుకు తక్కువ ఒత్తిడి, ఘనపరిమాణాన్ని బట్టి తక్కువ ఉష్ణశక్తి ఉంటాయి గనుక దానికి పెద్ద రంధ్రం గల జెట్ కావాలి. ఎల్పీజీ జెట్‌తో సహజవాయువును వెలిగిస్తే మంట నీరసంగా వస్తుంది. అది అసౌకర్యమే తప్ప పెద్ద ప్రమాదం కాదు. దీనికి విపర్యయమే ప్రమాదకరం. నగరంలో పైపు గ్యాస్‌కు మార్చిన స్టవ్వును, కొత్తది కొన్న తరువాత సొంత ఊళ్లోని బంధువులకు పంపుతుంటారు. అక్కడ దానిని సిలిండర్‌కు కలిపితే పెద్ద రంధ్రం గుండా బలమైన గ్యాస్ ఒక్కసారిగా వచ్చి మంట ఎగసిపడుతుంది. జెట్లు తిరిగి మార్పించకుండా అటువంటి స్టవ్వును ఎవరికీ ఇవ్వరాదు.

మరమ్మతు: ఎవరి పని ఏది

ఇంటి యజమాని స్వయంగా చేయదగినవి కొన్నే. సబ్బు నీటి నురుగును కీళ్ల వద్ద, వాల్వు వద్ద, గొట్టం రెండు చివరల వద్ద పూసి బుడగలు వస్తున్నాయేమో చూడటం, బర్నర్లను శుభ్రపరచడం, గొట్టం మీద పగుళ్లు ఉన్నాయేమో వంచి చూడటం, వాల్వు బిగుసుకుపోకుండా నెలకొకసారి మూసి తెరవడం. అగ్గిపుల్ల వెలిగించి లీకేజీని వెతకడం పాత తరంలో కొందరు మెకానిక్కులే చేసి చూపిన పద్ధతి. అది ఎంత మాత్రం తగదు. అటువంటి మెకానిక్‌ను గుమ్మంలోనుంచే వెనక్కి పంపడం ఉత్తమం.

పైపును జరపడం, పొడిగించడం, మరొక స్టవ్వుకు గాని గీజరుకు గాని కొత్త శాఖ తీయడం, మీటరు తొలగించడం, రెగ్యులేటర్ విప్పడం పంపిణీ సంస్థ అధీకృత సిబ్బంది మాత్రమే చేయాలి. నీటి పైపుల పనిలో ఎంత నేర్పరి అయినా ప్లంబరుకు ఈ పని అప్పగించరాదు. నీటి పైపు కీలు కారితే గోడ తడుస్తుంది, కంటికి కనిపిస్తుంది. గ్యాస్ కీలు అదే మోతాదులో లీకైతే ఏదీ కనిపించదు. ఇల్లు పునర్నిర్మాణం చేపట్టేవారు తాపీమేస్త్రీ, ఎలక్ట్రీషియన్, వడ్రంగి పనిలోకి దిగకముందే గ్యాస్ లైను ఏ గోడ వెంట, ఏ గోడ గుండా వెళుతున్నదో వారికి చూపించి, డ్రిల్లింగ్ జరిగినంతసేపు ప్రధాన వాల్వు మూసి ఉంచవలసి ఉంటుంది.

రబ్బరు గొట్టం విషయంలో రాజీ పనికిరాదు. ఎల్పీజీకి సురక్ష పేరిట చమురు సంస్థలు సరఫరా చేసే, లోపల ఉక్కు తీగ అల్లిక గల గొట్టమే వాడాలి. ఐదేళ్లకొకసారి, పగుళ్లు కనిపిస్తే అంతకుముందే మార్చాలి. తయారీ తేదీ గొట్టం మీదే ముద్రించి ఉంటుంది. పొడవు ఒకటిన్నర మీటర్లకు మించరాదు, మధ్యలో అతుకు ఉండరాదు, గోడకు కన్నం పెట్టి అవతలి గదిలోకి తీసుకుపోరాదు. ఎలుకలు కొరుకుతాయని గొట్టానికి గుడ్డ చుట్టడం, ప్లాస్టిక్ కవరు తొడగడం వల్ల పగుళ్లు కనిపించకుండా పోతాయి.

మంట రంగు కూడా ఒక సూచికే. నీలిరంగులో స్థిరంగా మండాలి. పసుపురంగుకు తిరిగి, గిన్నెల అడుగున మసి పడుతున్నదంటే గాలి సరిగా అందక ఇంధనం పూర్తిగా మండటం లేదని అర్థం. ఆ స్థితిలో కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. ఈ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. మెర్కాప్టాన్ వంటి గుర్తు ఏదీ దీనికి తగిలించి ఉండదు. స్నానాల గదిలో గ్యాస్ గీజరు బిగించి, తలుపులు కిటికీలు మూసి స్నానం చేసేవారు స్పృహ తప్పి మరణించడానికి కారణం ఇదే. గ్యాస్ గీజరును స్నానాల గది వెలుపల, గాలి ధారాళంగా ఆడేచోట బిగించి, వేడినీటి గొట్టాన్ని మాత్రమే లోపలికి తేవాలి.

సిలిండర్ వాడేవారు ఇంటికి వచ్చిన సిలిండర్‌ను సిబ్బంది ఎదుటనే సీలు తీయించి, వాల్వు లోపలి రబ్బరు వాషరు సరిగా ఉన్నదీ లేనిదీ పరీక్షింపజేయాలి. సిలిండర్ పైభాగపు పట్టీ లోపలివైపు ఏ, బీ, సీ, డీ అక్షరాలలో ఒకటి, పక్కన రెండంకెల సంవత్సరం ఉంటాయి. ఏ అంటే మార్చి, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబరు, డీ అంటే డిసెంబరు నెలాఖరు. బీ-27 అని ఉంటే 2027 జూన్ నెలాఖరులోగా ఆ సిలిండర్‌కు తిరిగి పరీక్ష జరగాలి. గడువు దాటినదాన్ని నిరాకరించే హక్కు వినియోగదారులకు ఉంది. సిలిండర్ ఎప్పుడూ నిలువుగా, స్టవ్వు కంటే దిగువన ఉండాలి.

వాసన వచ్చినప్పుడు

మొదట మంటలన్నీ ఆర్పాలి; పూజగదిలోని దీపం, అగరువత్తి సైతం. స్టవ్వు వాల్వు, తరువాత ప్రధాన వాల్వు లేదా సిలిండర్ రెగ్యులేటర్ మూయాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. విద్యుత్ స్విచ్‌లను వేయరాదు, తీయరాదు. తీసేటప్పుడూ నిప్పురవ్వ పుడుతుంది. గ్యాస్‌ను తరిమివేద్దామని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం చాలా సాధారణమైన, చాలా ప్రమాదకరమైన పొరపాటు. ఫ్రిజ్ ఎవరూ ముట్టుకోకుండానే తనంతట తాను ఆగి మళ్లీ పనిచేస్తుందన్న విషయం తరచు విస్మరించబడుతున్నది. ఇంటి మెయిన్ స్విచ్ వెలుపల, గ్యాస్ వాసన లేనిచోట ఉంటే అక్కడ సరఫరా నిలిపివేయవచ్చు. లోపలే ఉంటే దానిని ముట్టుకోకుండా అందరూ బయటకు రావాలి. లిఫ్టు వాడరాదు, కాలింగ్ బెల్ నొక్కరాదు, పొరుగువారిని తలుపు తట్టి పిలవాలి.

ఫోను బయటకు వచ్చిన తరువాతనే చేయాలి. ఎల్పీజీ లీకేజీకి దేశమంతటా 24 గంటలూ పనిచేసే అత్యవసర నంబరు 1906 ఉంది. 2016 జనవరి 1న ఇది అమలులోకి వచ్చింది. పైపు గ్యాస్‌కు సంబంధించి ఆయా పంపిణీ సంస్థల అత్యవసర నంబరు బిల్లుపై ఉంటుంది. దానిని ఇంటి గుమ్మం వెలుపల రాసి ఉంచుకోవడం ఉపయోగకరం; ఇంట్లోని బిల్లు కోసం ఆ సమయంలో లోపలికి వెళ్లరాదు. మంటలు చెలరేగితే 101 లేదా 112కు తెలియజేయాలి.

తవ్వకాలు, ప్రధాన లైన్లు

వీధులలోని పాలిథిలిన్ గొట్టాలకు ప్రధాన శత్రువు తవ్వకమే. మంచినీటి లైను, డ్రైనేజీ, కేబుల్ పనుల కోసం పొక్లెయిన్‌తో తవ్వేటప్పుడు అవి తెగుతాయి. గొట్టానికి పైన కొంత ఎత్తులో హెచ్చరిక టేపు పరిచి ఉంటుంది. టేపు కనిపించిన వెంటనే యంత్రాన్ని ఆపి చేతి పనిముట్లతో తవ్వాలి. తవ్వకానికి ముందే సంబంధిత సంస్థలకు సమాచారం చేరేందుకు కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 22న ప్రత్యేక మొబైల్ యాప్‌ను ప్రారంభించింది. పురపాలక, పంచాయతీ అధికారులు పనుల అనుమతి పత్రంలోనే ఈ షరతు చేర్చడం సముచితం.

ప్రధాన పైప్‌లైన్ల సంగతి వేరు. 2014 జూన్ 27న అప్పటి తూర్పు గోదావరి జిల్లా, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ ప్రధాన పైప్‌లైన్ నుంచి వెలువడిన వాయువు అంటుకుని 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇళ్లు, కొబ్బరితోటలు కాలిపోయాయి. అది ఇంటి కనెక్షన్ వల్ల జరిగినది కాదు, ఇళ్ల మధ్య నుంచి వెళ్లే రవాణా లైను వల్ల జరిగినది. అటువంటి లైన్ల పైనున్న భూమిలో కట్టడాలు కట్టడం, బావులు, చెరువులు తవ్వడం, చెట్లు నాటడం 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైప్‌లైన్ల చట్టం ప్రకారం నిషిద్ధం. లైన్ల వెంబడి నాటిన గుర్తు రాళ్లను పీకివేసినట్లు తెలిస్తే గ్రామ రెవెన్యూ సిబ్బంది వెంటనే సంస్థకు తెలియపరచాలి.

ప్రమాద వార్తలు, పరిహారం

ప్రమాదం జరిగిన ప్రతిసారీ సిలిండర్ పేలిందనే మాట వార్తలలో కనిపిస్తుంది. అనేక సందర్భాలలో సిలిండర్ చెక్కుచెదరకుండా ఉంటుంది. గదిలో నిండిన గ్యాస్ అంటుకుని గోడలు కూలుతాయి. సిలిండర్ పగిలిందా, వాల్వు లీకైందా, గొట్టం తెగిందా, స్టవ్వు నాబ్ తెరచి ఉందా అన్నది దర్యాప్తు నివేదికలో వేరువేరుగా ఉంటుంది. విలేకరులు ఆ వివరం అడిగి రాసినట్లయితే పాఠకులకు తమ ఇంట్లో ఏమి చూసుకోవాలో తెలుస్తుంది.

చమురు సంస్థలు ఎల్పీజీ ప్రమాదాలకు తమ పేరిట బీమా తీసుకుని ఉన్నాయి. వినియోగదారులు వేరుగా ప్రీమియం చెల్లించనవసరం లేదు. కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపిన వివరాల ప్రకారం, ఎల్పీజీ ప్రధాన కారణంగా జరిగిన ప్రమాదంలో మరణించిన ఒక్కొక్కరికి రూ. 6 లక్షలు, వైద్య ఖర్చులకు ఒక్కొక్కరికి రూ. 2 లక్షలకు మించకుండా ఒక్కో ప్రమాదానికి రూ. 30 లక్షల వరకు, కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగిన ఆస్తినష్టానికి రూ. 2 లక్షల వరకు వర్తిస్తుంది. కనెక్షన్ ఒక చిరునామాలో, వాడకం మరొక చిరునామాలో ఉన్న అద్దె కుటుంబాలు ఆస్తినష్టం విషయంలో ఇక్కడే నష్టపోతున్నాయి. ఇల్లు మారిన వెంటనే డిస్ట్రిబ్యూటరు వద్ద చిరునామా మార్పించుకోవాలి.

ప్రమాదం జరిగిన తరువాత డిస్ట్రిబ్యూటరుకు రాతపూర్వకంగా తెలియజేసి, అందిన రసీదు తీసుకోవాలి. డిస్ట్రిబ్యూటరు ఆ సమాచారాన్ని చమురు సంస్థకు, బీమా సంస్థకు పంపుతారు. పరిశీలన పూర్తయ్యేవరకు సిలిండర్, రెగ్యులేటర్, గొట్టం, స్టవ్వులను ఉన్నచోటు నుంచి కదపరాదు. వైద్య బిల్లుల అసలు ప్రతులు, మరణం సంభవిస్తే మరణ ధ్రువీకరణ పత్రం, శవపరీక్ష నివేదిక, పోలీసుల ప్రథమ సమాచార నివేదిక భద్రపరచుకోవాలి. పైపు గ్యాస్‌కు ఈ బీమా వర్తించదు. పంపిణీ సంస్థల బీమా నిబంధనలు వేరుగా ఉంటాయి, వాటి వివరాలను కనెక్షన్ తీసుకునే సమయంలోనే ఆయా కార్యాలయాల నుంచి రాతపూర్వకంగా పొందవచ్చు.